నిజంగా జరిగిన హత్య కేసుతో చారిత్రక అపరాధ పరిశోధక నవల: ఎంతవరకు కల్పించవచ్చు?

కందుకూరు పాఠకుడు (ప్రశ్న)

మా తాతగారు కందుకూరు తాలూకాలో ఒక గ్రామానికి మునసబుగా పనిచేశారు. 1930ల నడుమ ఆ ఊళ్ళో జరిగిన ఒక హత్య గురించి మా ఇంట్లో ఇప్పటికీ రెండు కథలు చెప్పుకుంటారు. కోర్టు శిక్షించినది ఒకరిని, ఊరు అనుమానించినది మరొకరిని. ఆ మునసబునే పరిశోధకుడిగా పెట్టి నవల రాయాలని ఉంది. అసలు హంతకుడు ఊరు అనుమానించిన రెండవ వ్యక్తే అని నవలలో తేల్చడం సబబేనా అన్నది నా మొదటి సందేహం. ఆ కాలంలో దర్యాప్తు ఎలా సాగేదో, ఒక గ్రామ మునసబుకు అందులో ఎంత పాత్ర ఉండేదో తెలిసినవారు చెప్పగలరా అన్నది రెండవది. ఇరు కుటుంబాల వారసులూ ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

విశ్రాంత న్యాయవాది, నెల్లూరు

రెండవ సందేహానికి సమాధానం చెబుతాను. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనివే కాబట్టి, మీ కేసు నెల్లూరు సెషన్స్ కోర్టులో విచారణకు వచ్చి ఉంటుంది. మరణశిక్ష పడి ఉంటే దానిని మద్రాసు హైకోర్టు ధ్రువీకరించక తప్పదు. కనుక ఒంగోలు రికార్డు గదిలో వెతికి కాలం వృథా చేసుకోకండి.

మునసబును పరిశోధకుడిగా ఎంచుకోవడం మీరు అనుకుంటున్న దానికన్నా బలమైన ఆలోచన. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 174వ సెక్షనులో మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలకు ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉండేది. అనుమానాస్పద మరణం సంభవించినప్పుడు గ్రామాధికారి కూడా శవ పంచనామా జరిపి సమీప మేజిస్ట్రేటుకు నివేదిక పంపవచ్చు. అంటే సబ్ ఇన్‌స్పెక్టరు గుర్రం మీదో బండి మీదో ఊరు చేరేలోపు శవాన్ని, గాయాలను, నేలమీది గుర్తులను చూసి కాగితం మీద పెట్టే అధికారం మీ తాతగారికి చట్టమే ఇచ్చింది. అపరాధ పరిశోధక నవలలలో సామాన్యంగా పరిశోధకుడు బయటినుంచి వస్తాడు. ఇక్కడ అతడు ఆ ఊరివాడే, శిస్తు వసూలు చేసేవాడే, ఇరుపక్షాలకూ ఏదో ఒక వరసలో బంధువో బాకీదారో అయి ఉండగలవాడు. కథ అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం 1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం కోర్టులో చెల్లేది కాదు. కాబట్టి చివరి అధ్యాయంలో హంతకుడు ఇన్‌స్పెక్టరు ముందు ఒప్పుకోగానే కేసు ముగిసినట్లు రాయకండి. అయితే నిందితుడి మాటను బట్టి ఒక వాస్తవం బయటపడితే, ఆ మాటలో దానికి సంబంధించినంత భాగాన్ని మాత్రం అదే చట్టం 27వ సెక్షను కింద స్వీకరించేవారు. ఈ విషయంలో నేటికీ ప్రమాణంగా నిలిచిన తీర్పు మన పొరుగున పల్నాడు తాలూకా పులిపాడు గ్రామ హత్యల నుంచే పుట్టింది. పులుకూరి కొట్టయ్య కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన ఆ వ్యవహారంలో, గడ్డివామిలో బల్లెం దాచానని నిందితుడు చెప్పిన మాట ఎంతవరకు చెల్లుతుందో ఆనాటి మన ఆఖరి అప్పీలు న్యాయస్థానమైన లండనులోని ప్రీవీ కౌన్సిలు 1946లో తేల్చవలసి వచ్చింది. బల్లెం దాచానన్న ముక్క చెల్లుతుంది, దానితో పొడిచానన్న ముక్క చెల్లదు.

ఇక రక్తపు మరకల సంగతి. మరక రక్తమా కాదా అన్నది మద్రాసులోని కెమికల్ ఎగ్జామినరు, అది మనిషి రక్తమా కాదా అన్నది కలకత్తాలోని ఇంపీరియల్ సీరాలజిస్టు చెప్పేవారు. మీ మునసబు పంచెమీది మరకను చూసి అక్కడికక్కడే తీర్పు చెప్పలేడు. ఆ నివేదిక కోసం ఊరంతా ఎదురుచూసే వ్యవధిని మీరు వాడుకోవచ్చు. జిల్లా కోర్టులలో హత్య కేసులను ఎక్కువగా అసెసర్ల, అంటే జడ్జికి అభిప్రాయం చెప్పే సామాన్య పౌరుల, సహాయంతో విచారించేవారు. వారి అభిప్రాయానికి జడ్జి కట్టుబడనక్కరలేదు. అసెసర్లు నిర్దోషి అన్నా జడ్జి శిక్ష విధించగలడన్న సంగతి మీ రెండు కథల వైరుధ్యానికి పనికిరావచ్చు.

పాత నవలల అభిమాని, చీరాల

నేను మొదటి సందేహం గురించి రాస్తాను. నిజమైన కేసును నవలలో పరిష్కరించడం రచయితకు కీర్తి తెస్తుందేమో కాని, కథకు మేలు చేయదు. 1841లో న్యూయార్కులో మేరీ రోజర్స్ అనే యువతి మరణించినప్పుడు ఎడ్గార్ అలెన్ పో ఆ ఉదంతాన్ని పారిస్‌కు మార్చి, తన పరిశోధకుడి చేత తర్కంతో తేల్పించబోయాడు. కథ భాగాలుగా వెలువడుతుండగానే కొత్త వివరాలు బయటికి రావడంతో తరువాతి ముద్రణలో సవరణలు చేయవలసి వచ్చింది, అసలు కేసు ఈనాటికీ తేలలేదు. దీనికి భిన్నంగా, 1860లో ఇంగ్లండులోని రోడ్ హిల్ ఇంట్లో మూడేళ్ళ పసివాడి హత్య జరిగినప్పుడు, కనిపించకుండా పోయిన ఒక రాత్రి దుస్తు మీద విచర్ అనే పోలీసు అధికారి అనుమానమంతా నిలిచింది. లోకం ఆయనను ఎగతాళి చేసింది, 1865లో ఆయన అనుమానించిన అమ్మాయే నేరం ఒప్పుకున్నది. 1868లో విల్కీ కాలిన్స్ తన నవలలో మరకపడిన రాత్రి దుస్తును మాత్రం తీసుకొని, నేరాన్ని వజ్రం చోరీగా మార్చాడు. ఒక వస్తువును, దాని చుట్టూ ఉన్న సంశయాన్ని తీసుకొని మనుషులను వదిలివేసే ఈ పద్ధతే మీకు తగినదని నేను అనుకుంటాను.

మన తెలుగువారి కేసులలో ఇటువంటి వస్తువులకు కొదవ లేదు. 1937 మార్చిలో పూరీ స్టేషనులో ఒక మూడో తరగతి పెట్టెలో దిక్కులేని ట్రంకు పెట్టె దొరికింది, దానిలో ముక్కలుగా నరికిన శవం ఉన్నది. మృతుడు పిఠాపురం దివాను వద్ద పనిచేసిన నౌకరు. అప్పు తీసుకున్న ఇంటివారు బాకీ తీసుకొనిపొమ్మని పిలిచినట్లు భార్యకు చెప్పి బరంపురం బయలుదేరినవాడు తిరిగి రాలేదు. పాకాల నారాయణస్వామి కేసు అంటే ఇదే. వెళుతూ భార్యతో అన్న ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చునని 1939లో ప్రీవీ కౌన్సిలులో లార్డ్ ఆట్కిన్ చెప్పిన తీర్పును చదివితే, గుమ్మం దాటుతూ మనిషి అనే మామూలు మాటకు ఎంత బరువు రాగలదో అర్థమవుతుంది. మీ ఇంట్లోని రెండు కథలలోనూ అటువంటి మాట ఒకటి ఉండే ఉంటుంది, దానిని వెతకండి.

కనిగిరి చదువరి

పై మిత్రుడితో చాలావరకు ఏకీభవిస్తాను కాని, మనుషులను వదిలివేయడం చెప్పినంత తేలిక కాదు. మన ప్రాంతంలో పేర్లు మార్చినంత మాత్రాన ఎవరూ మోసపోరు. చెరువు ఏ దిక్కున ఉందో, ఎవరింట్లో కమలాల తోట ఉందో చెప్పగానే ఊరు పట్టేస్తుంది. కోర్టు తీర్పులో ఉన్నంతవరకు రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని 1994లో మరణశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ వివాదంలో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. కాని తీర్పు నిర్దోషిగా వదిలిన మనిషిని, లేదా అసలు కోర్టు మెట్లే ఎక్కని మనిషిని హంతకుడని చూపితే అది వేరే సంగతి. చనిపోయినవారికి అంటగట్టిన నింద కూడా, బతికి ఉన్న దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేసినదైతే, పరువునష్టం కిందికి రాగలదు. అందుచేత హత్యకు కారణాన్ని, ఇరు కుటుంబాల మధ్య సంబంధాన్ని, వీలైతే ఊరినీ మార్చండి. బకింగ్‌హాం కాలువ ఒడ్డున ఒక పల్లెకు కథను తీసుకొనిపోతే పడవ రాకపోకలు, ఉప్పు కొఠార్లు మీకు అదనంగా దొరుకుతాయి.

ఆధారాలు మాత్రం ఇక్కడివే కావాలి. ఉదాహరణకు మాలకొండ ఆలయంలో దర్శనం శనివారాలలోనే ఉంటుందని మన వైపు పిల్లలకూ తెలుసు. హత్య జరిగిన బుధవారంనాడు మాలకొండలో దర్శనం చేసుకొని వచ్చానని ఒక సాక్షి చెబితే, దూరప్రాంతం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు రాసుకొని ఊరుకుంటాడు, మునసబు తల ఎత్తి చూస్తాడు.

కందుకూరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. కోర్టు తీర్పును అలాగే ఉంచి, కథను కాలువ ఒడ్డుకు మార్చి, హంతకుడెవరన్నది మునసబు మనసులో మాత్రమే తేలేటట్లు రాయాలని నిర్ణయించుకున్నాను. న్యాయవాది గారిని ఒక్క మాట అడుగుతాను. పంచనామా రాసిన మునసబును సెషన్స్ కోర్టులో సాక్షిగా పిలిచేవారా?

విశ్రాంత న్యాయవాది, నెల్లూరు

పిలిచేవారు. మొదటి నివేదిక రాసినవాడే కాబట్టి ప్రాసిక్యూషను తరఫున బోను ఎక్కించి, ఆ కాగితాన్ని ఆయన చేతనే రుజువు చేయించేవారు. తరువాత డిఫెన్సు ప్లీడరు ప్రశ్నించేవాడు. అయితే సాక్షి అడిగినదానికే సమాధానం చెప్పాలి, తన అనుమానాలను చెప్పబోతే జడ్జి ఆపివేస్తాడు. మీ నవలలో ఆ ప్లీడరుకు మాలకొండ సంగతి తెలిసి ఉండాలో లేదో మీరే నిర్ణయించుకోండి, ఎందుకంటే అడిగితే మునసబు చెప్పక తప్పదు.