నాన్నగారు ఇప్పుడు దేన్నీ నమ్మడం లేదు, ఏం చెప్పాలి?

ప్రశ్న (మలక్‌పేట వాసి):
మా నాన్నగారు నలభై ఏళ్లుగా ఒక్క ఎన్నిక కూడా తప్పకుండా ఓటు వేసిన మనిషి. మూడేళ్ల కిందట వాట్సాప్ అలవాటైంది. వచ్చిన ప్రతి ఫార్వర్డునూ నమ్మేవారు. వాటిలో చాలావరకు అబద్ధాలని నేను ఒక్కొక్కటిగా చూపిస్తూ వచ్చాను. దాని ఫలితం ఏమిటంటే, ఆయన ఇప్పుడు పేపరును కూడా నమ్మడం మానేశారు. "నువ్వు చూపించేది మాత్రం నిజమని ఏమిటి గ్యారంటీ?" అని నన్నే నిలదీస్తున్నారు. యంత్రంలో ఏ మీట నొక్కినా ఒకే గుర్తుకు పోతుందనీ, ఇకపై బూత్‌కు రాననీ అంటున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానంలో దాదాపు 48 శాతమే పోలింగ్ జరిగింది. బూత్‌కు వెళ్లని ఆ సగంలో మా ఇల్లు కూడా చేరుతుందేమోనని నా బెంగ.

జవాబు 1 (ఒకప్పటి పోలింగ్ ఏజెంటు):
దయచేసి ఆయనకు మరో ఫ్యాక్ట్‌చెక్ లింకు పంపకండి. నేను ఏజెంటుగా కూర్చున్న రోజు ఏం జరిగిందో చెబుతాను, అది వినిపించండి. పోలింగ్ ఏడు గంటలకైతే మమ్మల్ని ఐదున్నరకే రమ్మన్నారు. ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (ఉత్తుత్తి పోలింగ్) జరిపి, యంత్రం చూపిన లెక్కనూ వీవీప్యాట్ స్లిప్పులనూ (ఓటు ఏ గుర్తుకు పడిందో అచ్చయ్యే కాగితాలు) పోల్చి చూపించి, ఆ ఓట్లను చెరిపేసి సీలు వేశారు. ఆ సీలు మీద మా సంతకాలు కూడా ఉన్నాయి. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాసి, దాని నకలు మా చేతికిచ్చారు. కౌంటింగ్ రోజున ఆ కాగితం పక్కన పెట్టుకునే కంట్రోల్ యూనిట్ (ఓట్లు నమోదయ్యే యంత్ర భాగం) అంకె సరిచూసుకున్నాం. పైగా, 2019లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పటి నుంచి ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు బూత్‌ల స్లిప్పులను లెక్కించి చూస్తున్నారు. ఇందులో ఎవరి మాటనూ గుడ్డిగా నమ్మవలసిన పని లేదు, ఎందుకంటే ఒకరినొకరు నమ్మని పార్టీల మనుషులే అక్కడ పక్కపక్కన కూర్చుంటారు.

జవాబు 2 (గచ్చిబౌలి):
మీ నాన్నగారి విసుగు నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తున్నప్పుడు, బుల్‌డోజర్ల ముందు జింకలూ నెమళ్లూ పరుగెడుతున్న బొమ్మ ఒకటి వస్తే, కళ్లలో నీళ్లు తిరిగి నాలుగు గ్రూపులకు పంపాను. అది ఏఐతో చేసిన బొమ్మ అని తర్వాత తేలింది. చెట్లు కొట్టడం మాత్రం కల్పన కాదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టే పనులు ఆపించింది. అయినా ఆ తర్వాత మా గ్రూపులో అసలైన ఫొటో పెట్టినవారిని కూడా "ఇదీ ఏఐయేనా?" అని ఎగతాళి చేశారు. నా దొంగ బొమ్మ ఎదుటివారికి అంత సులువైన సాకు ఇచ్చింది.

జవాబు 3 (అంబర్‌పేట):
ఏజెంటు గారు చెప్పినదంతా నిజమే కానీ, అనుమానపడేవారందరూ వాట్సాప్ బాధితులే అనుకోవడం న్యాయం కాదు. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో ఓటర్ల జాబితాలో పేర్లు గల్లంతై ఎందరో వెనుదిరిగారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి అప్పుడు క్షమాపణ కూడా చెప్పారు. ఆ ఒక్క క్షమాపణకు నా దృష్టిలో పది ఖండనలకన్నా విలువ ఎక్కువ. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు ఆయన పేరు ఆయన చేతే వెతికించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఏజెంటు గారి జవాబు నిన్న రాత్రి చదివి వినిపించాను. 17సి నకలు ఏజెంట్లకు ఇస్తారన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నారు. వీవీప్యాట్ స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుందని నేను చెబితే మాత్రం, "నా చత్వారానికి ఏడు సెకన్లు ఏ మూలకు?" అన్నారు. కొత్త కళ్లజోడుకు ఆదివారం తీసుకెళుతున్నాను.