సియోల్‌లో కొరియన్ టేస్టింగ్ మెనూ: ఒకరు శాకాహారి, మరొకరు గొడ్డుమాంసం తినరు. ఏం చేయాలి?

ప్రశ్న – విశాఖవాసి

నమస్కారమండి. అక్టోబరులో ఆఫీసు పనిమీద సియోల్ వెళుతున్నాను, మా ఆవిడ కూడా వస్తోంది. మా పెళ్లిరోజు ఆ వారంలోనే పడింది కాబట్టి, ఒక్క పూట ఖర్చుకు వెనకాడకుండా, పదీ పన్నెండు వంటకాలు వరుసగా వడ్డించే టేస్టింగ్ మెనూ ఉన్న పేరున్న చోట తినాలని అనుకుంటున్నాం. మింగిల్స్ అనే రెస్టారెంట్ పేరు ఎక్కువగా వినిపిస్తోంది. చిక్కల్లా ఏమిటంటే, నేను చేపలూ కోడీ తింటాను గాని గొడ్డుమాంసం ముట్టను. ఆవిడ గుడ్డు కూడా తినని పూర్తి శాకాహారి. అక్కడ మనం ఎంచుకునేది పెద్దగా ఏమీ ఉండదనీ, వాళ్లు పెట్టిందే తినాలనీ అంటున్నారు. అలాంటిచోట ఇద్దరం కలిసి కూర్చుని తృప్తిగా తినగలమా? భోజనం ఏ క్రమంలో సాగుతుందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – సియోల్ తెలుగు

మీ విషయం సులువేనండి, ఆవిడ విషయమే కష్టం. ఈ స్థాయి రెస్టారెంట్లలో ప్రధానమైన మాంసపు వంటకం చాలాచోట్ల హాన్వూ, అంటే కొరియా దేశవాళీ పశువు మాంసమే. ముందుగా చెబితే దానికి బదులు మరొకటి పెట్టడం వాళ్లకు కొత్త కాదు. అయితే ముక్కలు వద్దన్నంత మాత్రాన సరిపోదు, గొడ్డుమాంసం ఉడికించిన నీటిని చారుల్లోనూ జావల్లోనూ వాడతారు గనుక అది కూడా వద్దని విడిగా రాయండి.

ఇక క్రమం. మొదట ఒక్క కాటులో అయిపోయే చిరుతిండ్లు నాలుగైదు వస్తాయి, తరువాత చల్లని సముద్రాహారం, చేప, మాంసం వస్తాయి. అన్నం మాత్రం దాదాపు చివర్లో, చిన్న గిన్నెలో అప్పటికప్పుడు వండి, చారూ, కిమ్చీ (పులియబెట్టిన కూరగాయల పచ్చడి), రెండు మూడు నంజుళ్లతో తెచ్చిపెడతారు. అన్నంతో మొదలుపెట్టే మనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే అది వచ్చేసరికి కడుపులో చోటుండదు. కొన్నిచోట్ల గిన్నె అడుగున అంటుకున్న మాడులో వేడినీళ్లు పోసి తాగడానికి ఇస్తారు. దాన్ని సుంగ్‌న్యుంగ్ అంటారు, మన గంజి తాగినట్టే హాయిగా ఉంటుంది.

ఈ వంటకు ప్రాణం మాత్రం జాంగ్, అంటే పులియబెట్టిన సోయా ముద్దలూ రసాలూ. సోయా గింజలను ఉడికించి, దంచి, దిమ్మలుగా కట్టి, ఎండబెట్టి, ఆ తరువాత మట్టి జాడీల్లో ఉప్పునీటిలో నానబెడతారు. కొన్ని వారాలకు పైన తేరిన ద్రవాన్ని వేరుచేస్తే అది గాంజాంగ్, మిగిలిన ముద్ద డ్వేంజాంగ్. ఎండుమిరప పొడి, జిగురుబియ్యం, సోయా దిమ్మల పొడి కలిపి పులియబెడితే గోచుజాంగ్ అవుతుంది. ఈ జాంగ్ తయారీ సంప్రదాయాన్ని 2024 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మింగిల్స్‌లో చెఫ్ కాంగ్ మింగూ ఈ మూడింటినీ ఒకే మిఠాయిలోకి తెచ్చారు: డ్వేంజాంగ్ కలిపిన క్రెమ్ బ్రూలే (పైన పంచదార కరిగించి గట్టిపరిచిన కస్టర్డ్), గాంజాంగ్ పట్టించిన పెకాన్ పప్పు, గోచుజాంగ్ అద్దిన వేయించిన గింజలు, వాటితోపాటు వెనిలా ఐస్‌క్రీమ్. ఆ రెస్టారెంట్‌కు 2025 ఫిబ్రవరిలో మూడు మిషెలిన్ నక్షత్రాలు, అంటే ఆ రెస్టారెంట్ గైడ్ ఇచ్చే అత్యున్నత గుర్తింపు, వచ్చాయి కాబట్టి సీటు దొరకడమే పెద్ద గండం.

జవాబు – శాకాహార యాత్రికురాలు

పై జవాబులో అంత మురిపెంగా వర్ణించిన మిఠాయిని విశాఖవాసి గారి భార్య తినలేరు, ఎందుకంటే క్రెమ్ బ్రూలే అంటేనే పచ్చసొనతో చేసేది. సమస్యంతా ఇలాంటి చోట్లే ఉంది. జాంగ్ మూడూ మామూలుగా శాకాహారమే గాని, వాటితో కాచే చారుకు ఆధారం ఎండు నెత్తళ్లు. కిమ్చీలో చేపల రసమో ఉప్పులో ఊరిన రొయ్యపొట్టో ఉంటుంది. అందుచేత “శాకాహారి” అన్న ఒక్క మాట రాసి ఊరుకోకండి. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, ఎముకల రసం, నెత్తళ్ల నీరు, ఇవేవీ వద్దని కొరియన్‌లో రాయించి పంపి, కుదురుతుందని వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి. కుదరదని సూటిగా చెప్పే చోట్లు కూడా ఉన్నాయి, అది నిజాయితీ అనే నేను అనుకుంటాను.

నన్నడిగితే ఆవిడ కోసం జోగ్యేసా ఆలయం ఎదుట ఉన్న బల్వూ గోంగ్యాంగ్‌కు వెళ్లండి. జోగ్యే బౌద్ధ సంఘం నడిపే ఆ భోజనశాలకు 2017 మిషెలిన్ సియోల్ గైడ్‌లో ఒక నక్షత్రం ఉండేది. బౌద్ధాలయ భోజనంలో మాంసం, చేపలే కాదు, వెల్లుల్లి, ఉల్లి జాతి కూడా నిషిద్ధం. మన ఇళ్లలో నోములూ వ్రతాలూ ఉన్న రోజున చేసే వంటలాగా అన్నమాట. తామర దుంప, పుట్టగొడుగులు, అడవి ఆకుకూరలు, సోయా పనీరు వరుసగా వస్తాయి. ఇది కూడా టేస్టింగ్ మెనూయే, కాకపోతే పెద్ద రెస్టారెంట్ల హంగు ఉండదు.

విశాఖవాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే పెళ్లిరోజు ఇద్దరికీ కలిపి బల్వూ గోంగ్యాంగ్‌లో రాత్రి భోజనం పెట్టుకుని, మింగిల్స్‌లో సీటు దొరికితే ఆవిడ తన చెల్లెలితో తిరగడానికి వెళ్లే రోజు నేనొక్కణ్ణే మధ్యాహ్నం వెళ్లొస్తాను. ఇందుకు ఆవిడ అభ్యంతరం పెట్టలేదు, పైగా ఆనందించింది.

జవాబు – సియోల్ తెలుగు

మంచి నిర్ణయం. మధ్యాహ్నం ధర రాత్రి కంటే తక్కువగా ఉంటుంది. రాత్రి అయితే ఆ స్థాయి చోట్ల మనిషికి రెండు లక్షల వోన్లు దాటడం మామూలే, అంటే మన రూపాయల్లో పన్నెండు వేల పైమాటే. విదేశీయుల కోసం క్యాచ్‌టేబుల్ గ్లోబల్ యాప్ ఉంది, బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో చూసుకుని ఆ నిమిషానికి సిద్ధంగా ఉండండి. అడ్వాన్సు కట్టించుకునే చోట, చివరి క్షణంలో మానుకుంటే ఆ డబ్బు తిరిగి రాదు. కొరియాలో టిప్పు ఇచ్చే అలవాటు లేదు కాబట్టి ఆ లెక్క వేసుకోనక్కరలేదు. అన్నం తినేటప్పుడు గిన్నెను చేతిలోకి ఎత్తకుండా బల్లమీదే ఉంచి చెంచాతో తినండి, చాప్‌స్టిక్‌లు నంజుళ్లకు వాడండి. మద్యం అలవాటు లేకపోతే కొన్నిచోట్ల వంటకానికి తగిన టీలు, పండ్ల పానీయాలు వరుసగా ఇస్తారు, బుక్ చేసేటప్పుడే అడిగి ఉంచండి.