మే నెలాఖరుకి మంచు లేని కొండ, చేప పడే ఏరు: తీర్థన్ లోయకి వెళ్ళొచ్చా?

మారతహళ్ళి_గాలం

అందరికీ నమస్కారం. మేం నలుగురం, బెంగళూరులో ఒకే ఆఫీసు. మే 23 నుంచి 31 దాకా అందరికీ లీవు కలిసొచ్చింది. ఊళ్ళో రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగిలే వేళ, మేం ఏ కొండ ఏటి పక్కనో టెంటు వేసుకుని, గాలం పట్టుకుని ఐదు రోజులు కూర్చోవాలని ఆశ. చిన్నప్పుడు చెరువు గట్ల మీద బెండు కట్టి జెల్లలు, కొర్రమేనులు పట్టినవాళ్ళమే అందరం. చల్లటి కొండ ఏళ్ళలో ఉండే ట్రౌట్ చేపని మాత్రం ఎవరమూ పట్టలేదు.

షరతు ఒక్కటే. మంచు ఉండకూడదు. మా టెంటు గానీ, పడక సంచులు గానీ మంచుకి ఆగేవి కావు. హిమాచల్‌లో తీర్థన్ లోయ, గుషైనీ ఊరు అనుకుంటున్నాం. దాదాపు 1,600 మీటర్ల ఎత్తే కాబట్టి మే నాటికి మంచు జాడ ఉండదని చదివాను. మాలో ఒకడు మాత్రం అంత దూరం ఎందుకురా, ఊటీ పక్కన అవలాంచి ఉందిగా అంటున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

నెల్లూరు_చెరువుగట్టు

మీ ఫ్రెండు చెప్పిందే సరి తమ్ముడూ. చేప కోసం విమానం ఎక్కాలా? ట్రౌట్ నీలగిరుల్లోనూ ఉంది. బ్రిటిషువాళ్ళు నూరేళ్ళకి ముందే తెచ్చి ఆ చల్లటి ఏళ్ళలో వదిలారు, అవలాంచిలో దాని హేచరీ ఉంది. మంచు బెడదే లేదు. జనవరిలో తెల్లవారుజామున గడ్డి మీద పొడిలా పేరుకునేది తప్ప అక్కడ మంచు కురవదు. బెంగళూరులో తెల్లారి బయల్దేరితే పొద్దుగూకేలోపు చేరతారు. నాకు తెలిసి ఇందులో చర్చకి ఏమీ లేదు.

వేళచ్చేరి_వాసి

చర్చ ఉందన్నా. మేం చెన్నై నుంచి పోయినేడు మే నెలలోనే వెళ్ళి చూశాం. ఊటీకీ కొడైకెనాల్‌కీ 2024 మే 7 నుంచి ఈ-పాస్ ఉండాలి, మద్రాసు హైకోర్టు ఆదేశం. ముందే తీసుకుంటే పాస్ వస్తుంది, దానితో ఇబ్బంది లేదు. టెంటు దగ్గరే అడ్డం పడింది. అవలాంచి, ఎమరాల్డ్, అప్పర్ భవానీ చుట్టూ ఉన్నదంతా అడవి శాఖ చేతిలోని భూమి. అక్కడ మన ఇష్టానికి రాత్రి గుడారం వేసుకోవడం కుదరదు, అనుమతి లేకుండా గాలమూ వేయకూడదు. చివరికి ఒక ఎస్టేటువాళ్ళు క్యాంపింగ్ అని డబ్బు కట్టించుకుని, కార్లు నిలిపే చోటు పక్కన లాన్ మీద పడుకోబెట్టారు. రాత్రి రెండింటిదాకా పాటలు. ఏరు సంగతి అటుంచండి, నీళ్ళ చప్పుడు కూడా వినలేదు.

ఇంకెవరైనా కావేరి మాట ఎత్తకముందే చెప్తున్నా. భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి దగ్గర మహసీర్ అనే పెద్ద ఏటి చేప కోసం గాలం వేసే రోజులు పోయాయి. అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అక్కడ గాలం వేసినా వేట కిందే లెక్క. కావేరిలోని మూపు మహసీర్ 2018 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతి. ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కొండదారి

గుషైనీలో మే నెలాఖరుకి మంచు ఉండదు, అది నిజం. టెంటు కింద పచ్చగడ్డి ఉంటుంది, రాత్రి చలి పది పన్నెండు డిగ్రీలకి దిగుతుంది, ఒక దుప్పటి ఎక్కువ పట్టుకెళ్తే చాలు. పడక సంగతి సరే. గాలం వేసే నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూశారా?

తీర్థన్ పుట్టేది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపలి శిఖరాల దగ్గర. 2014లో యునెస్కో జాబితాలో చేరిన పార్కు అది. ఆ పైన మంచు బాగా కరిగేదే మే, జూన్ నెలల్లో. నేను రెండేళ్ళ కిందట సరిగ్గా మీరు చెప్పిన వారంలోనే వెళ్ళాను. మొదటి రోజు పొద్దున ఆరింటికి నీటి అంచున చదునైన బండ ఒకటి కనిపిస్తే దాని మీద కూర్చుని రీలు బిగించుకున్నాను. సాయంత్రం ఐదింటికి అదే చోటికి వస్తే బండ లేదు. వేరే చోటికి వచ్చానేమో అనుకున్నాను. కాదు, బండ నీళ్ళ కింద ఉంది, మోకాలి లోతున. ఆ రోజంతా చుక్క వాన లేదు. పగలు పైన ఎండకి కరిగిన మంచు మధ్యాహ్నం దాటాక కిందికి చేరుతుంది. రాత్రి చలికి కరగడం తగ్గితే తెల్లారేసరికి ఏరు మళ్ళీ పలచబడుతుంది. రోజూ అదే తంతు.

ట్రౌట్ చూపుతో మేసే చేప. నీళ్ళు పది నుంచి పదహారు డిగ్రీల మధ్య, తేటగా ఉంటే చురుగ్గా ఎరకి వస్తుంది. మంచు నీళ్ళు పోటెత్తితే రాళ్ళ చాటున అడుక్కి అంటుకుని ఉంటుంది, మీ స్పిన్నర్ (నీళ్ళలో గిర్రున తిరిగే లోహపు ఎర) దాని ముక్కు ముందు నుంచి వెళ్ళినా కదలదు. మొదటి రెండు రోజులూ నాకు ఒక్క తగులు లేదు.

మూడో రోజు టీకొట్టు పెద్దాయన చెప్తే దారి మార్చాను. గుషైనీ దగ్గరే ఫలాచన్ అనే చిన్న ఏరు తీర్థన్‌లో కలుస్తుంది. అది బఠాడ్ వైపు కొండల నుంచి వస్తుంది. ఆ కొండలు అంత ఎత్తు కావు, అక్కడి మంచు ముందే కరిగి అయిపోతుంది. రెండూ కలిసే చోట నిలబడితే ఒక పక్క బియ్యం కడిగిన నీళ్ళ రంగు, ఇంకో పక్క అడుగున రాళ్ళు లెక్కపెట్టేంత తేట. కలిశాక కూడా కొంతదూరం ఎవరి రంగు వాళ్ళదే. నాకు పడిన రెండు చేపలూ ఆ తేట నీళ్ళలోవే, పొద్దున తొమ్మిదిలోపు పడ్డవే.

కాబట్టి వెళ్ళండి. పెద్ద ఏటిని వదిలి, తక్కువ ఎత్తున పుట్టిన పిల్ల ఏరు పట్టుకోండి.

హోసూరు_రోడ్డు

కొండదారి గారూ, మీరు చెప్పిందంతా నిజమే, కానీ దాన్నిబట్టి వెళ్ళొద్దని కదా చెప్పాలి? ఐదు రోజుల్లో రెండు చేపలు, అదీ దారి మార్చాక. హిమాచల్‌లో ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టడం నిషేధం. మార్చి 1న తెరుస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఏరు సన్నగా, తేటగా ఉంటుంది. మళ్ళీ వానలు వెనక్కి తగ్గాక సెప్టెంబరు చివర నుంచి అక్టోబరంతా బాగుంటుంది. మధ్యలోని మే చివర, జూన్ టూరిస్టుల సీజనే గానీ చేపల సీజను కాదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళని ఆ వారంలో పంపితే ఉత్త చేతులతో తిరిగొచ్చి ఇక జన్మలో గాలం ముట్టుకోరు. నేను అలాగే మూడేళ్ళు మానేశాను. అక్టోబరుకి మార్చుకోండి.

మారతహళ్ళి_గాలం

అన్నా, అక్టోబరులో దసరా. ఇంటికి వెళ్ళకపోతే అమ్మ ఊరుకోదు. నలుగురికీ కలిపి లీవు దొరకడం ఈ ఏడాదికి ఇదొక్కసారే. ఐదు రోజులకి నాలుగు చేపలు పడినా మాకు పండగే.

కొండదారి గారూ, బరోట్ ఎలా ఉంటుంది? అక్కడా ట్రౌట్ ఉందంటున్నారు.

కొండదారి

బరోట్ మంచి చోటే. ఊహల్ నది, పక్కనే లంబాడగ్ వచ్చి కలుస్తుంది, మత్స్యశాఖ ట్రౌట్ ఫారం ఉంది. కానీ రెండూ ధౌలాధార్ మంచు నుంచి వచ్చేవే, మే నెలాఖరుకి అదే పోటు. పైగా 1930ల నాటి షానన్ విద్యుత్ కేంద్రానికి నీళ్ళు మళ్ళించేది అక్కడే. కట్ట కింద ఏట్లో దిగడం నాకు ఇష్టం ఉండదు.

హోసూరు రోడ్డు గారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. వానల తర్వాత ఏరు బాగుంటుంది, కానీ దారి? 2023 జూలై వరదల్లో బియాస్ లోయలో హైవేనే ముక్కలుముక్కలుగా కొట్టుకుపోయింది. మే నెలలో ఆ భయం బాగా తక్కువ. ఎవరికి ఏ నెల అన్నది చేప ఒక్కటే తేల్చదు.

బెల్లందూరు_శారద

గాలం నాకు తెలియదు, టెంటు గురించి చెప్పాలని వచ్చాను. మాది హైదరాబాద్. 2014 జూన్ 8న మండి జిల్లా థలోట్ దగ్గర బియాస్ ఏట్లో రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ డ్యాం నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. అప్పుడు నాదీ వాళ్ళ వయసే. ఆ వీడియో మా ఇంట్లో టీవీలో వస్తుంటే నాన్న లేచి ఆపేశారు.

మీరు ఔట్ అనే ఊరి దగ్గర హైవే వదిలి బంజార్ వైపు తిరిగేది ఆ లార్జీ మీదుగానే. తీర్థన్ వెళ్ళి బియాస్‌లో కలిసేదీ అక్కడే. దయచేసి ఆ దారిలో ఎక్కడా, ఐదు నిమిషాలకైనా, నది లోపలి రాళ్ళ మీదికి దిగకండి. డ్యాం ఉన్న చోట పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ అన్న లెక్క పనిచేయదు. గేటు ఎప్పుడు ఎత్తితే అప్పుడే వరద.

తీర్థన్ మీద పెద్ద డ్యాం లేదు, స్థానికులు పోరాడి జలవిద్యుత్ ప్రాజెక్టులు రాకుండా ఆపుకున్నారు. అయినా ఏటి ఒడ్డు ఇసుకలో టెంటు వద్దు. ఒడ్డున పొదలు చూడండి. ఎండు గడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు కొమ్మలకి చిక్కుకుని ఒక వరసలో కనిపిస్తాయి. పోయినసారి నీళ్ళు వచ్చిన గుర్తు అది. ఆ గుర్తుకి బాగా పైన, ఎవరిదో పొలం మెట్టు అడిగి, డబ్బిచ్చి వేసుకోండి. నీళ్ళ చప్పుడు అక్కడికీ వినిపిస్తుంది.

నెల్లూరు_చెరువుగట్టు

శారదమ్మా, మంచి మాట చెప్పావు. నేను ఇంత దూరం ఆలోచించలేదు.

ఒక్కటి అడుగుతా. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలోకి వదిలేయాలని కొందరు అంటారు. మృగశిర కార్తె దగ్గర పడుతుంటే చేతికి దొరికిన చేపని వదలడం నా వల్ల కాదు. చేపలు పట్టే లైసెన్సు తీసుకున్నాక వండుకుంటే తప్పేంటి?

కొండదారి

లైసెన్సు షరతులకి లోబడి ఉంచుకుంటే తప్పు లేదండీ. వల మాత్రం వేయకూడదు, గాలమే. నేను వదిలేస్తాను, నా కారణం చెప్తాను. ఏట్లో ఉండేది బ్రౌన్ ట్రౌట్. ఆ చల్లటి నీళ్ళలో మెల్లగా పెరుగుతుంది. చేతులు తడిపి పట్టుకుంటే పొట్ట పసుపు గడప రంగులో, ఒంటి మీద ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి సున్నా. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడి దానికి జబ్బు చేస్తుంది. కొక్కేనికి ముల్లు లేకపోతే నీళ్ళలోనే ఒక్క తిప్పుతో వస్తుంది. పులుసుకి కావాలంటే ఊళ్ళో ఫారాల్లో పెంచే రెయిన్‌బో ట్రౌట్ తాజాగా దొరుకుతుంది. అది కొనుక్కుంటే అక్కడి రైతుకీ నాలుగు రూపాయలు.

నేషనల్ పార్కు లోపల మాత్రం గాలం వేయకూడదు. లోపలికి నడవాలనుకుంటే సాయిరోపాలో పర్మిట్ తీసుకోండి, గాలాలు బస చేసిన చోట వదిలేసి వెళ్ళండి.

మ్యాపు_పిచ్చి

ఎవరో చెప్పిన తారీఖుల మీద ఆధారపడక్కర్లేదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితం. దాదాపు ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది, పది మీటర్ల వివరం. మామూలు రంగుల్లో మబ్బూ మంచూ రెండూ తెల్లగానే ఉంటాయి, అందుకని కంటికి కనిపించని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కలిపిన రంగులు పెట్టండి. మంచు నీలంగా, మబ్బు తెల్లగా విడిపోతాయి. బయల్దేరే వారం ముందు చూసి, మీ ఏటికి నీళ్ళిచ్చే కొండల మీద నీలం ఎంత మిగిలిందో చూసుకోండి. తీర్థన్ తల దగ్గర బోలెడంత ఉంటుంది. పక్క ఏటి మీద దాదాపు లేకపోతే కొండదారి గారి మాట ఈ ఏడాదికీ సరిపోయినట్టే. ఉత్తరం వైపు తిరిగిన లోతు మడతల్లో మంచు చాలాకాలం దాక్కుంటుంది, దక్షిణపు వాలు ముందే ఆరిపోతుంది. టెంటుకీ అదే సూత్రం.

మారతహళ్ళి_గాలం

నలుగురం కూర్చుని అన్నీ చదివాం. వెళ్తున్నాం. గుషైనీకే, కానీ గాలం ఫలాచన్ వైపు, పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా. మధ్యాహ్నం దాటాక ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదని ఒప్పుకున్నాం. ఒకడు ఒప్పుకోవడానికి టైం పట్టింది, శారద గారు రాసింది చదివి వినిపించాక మాట్లాడలేదు. లార్జీ దగ్గర బండి ఆపం. గ్యాసు డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు కాబట్టి స్టవ్ వదిలేసి, పొలం ఇచ్చినవాళ్ళ ఇంట్లోనే భోజనం అడుగుతాం. లైసెన్సుకి ఆధార్ కాపీలు తీసి పెట్టాను.

హోసూరు_రోడ్డు

నేను ఇప్పటికీ అక్టోబరే అంటాను. సరే, వెళ్తున్నారు కాబట్టి ఒక పని చేయండి. మొదటి పొద్దున నీటి అంచున ఒక కర్ర గట్టిగా పాతి, నీళ్ళు తాకుతున్న చోటికి జానెడు పైన ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. ఒడ్డు మీద ఎక్కడున్నా అది కంటికి ఆనాలి. గుడ్డ తడిసిందంటే ఆ పూటకి రీలు చుట్టేయండి, చేప ఎంత ఎగిరినా సరే.

మారతహళ్ళి_గాలం

ఎర్ర గుడ్డ సంచిలో వేశాను అన్నా. రెండు ముక్కలు.