అప్‌డేట్: యూత్ గ్రూపులో పిల్లలు ఇప్పుడు మాట్లాడుతున్నారు

ఇంటికి దూరంగా వచ్చి ఇక్కడి చర్చి యూత్ గ్రూపులో పనిచేస్తున్నాను. టీనేజర్లు నాతో కలవడం లేదు, ఇక్కడి భాష నాకు అంతంతమాత్రం, వెనక్కి వచ్చేయనా అని ఇంతకుముందు పోస్టులో అడిగాను. రాలేదు, ఇక్కడే ఉన్నాను. వాళ్లతో కలిసి కుర్చీలు సర్దమని ఒక అక్క ఇచ్చిన సలహా బాగా పనిచేసింది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోయే పిల్లలు, చేతిలో పని ఉంటే వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు. నా ఉచ్చారణ దిద్దమని అడిగాను, అప్పటి నుంచి నన్ను వదల్లేదు!

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు అని చర్చివాళ్లు అంటే మొదట్లో నొచ్చుకున్నాను. అది నామీద అనుమానం కాదు, పిల్లల రక్షణ. మొన్న ఒకబ్బాయి తన దిగులు చెప్పుకుని, "ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఆ మాట ఇవ్వలేనన్నాను. పిల్లల భద్రత చూసే ఆవిడ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం.

ఆదివారం సాయంత్రాలు ఇంటి మీద బెంగ మాత్రం ఇంకా తగ్గలేదు.