బొమ్మల కామెడీకి గొంతు ముందే రికార్డు చేయాలా, అక్కడికక్కడే మాట్లాడాలా?

చాయ్‌కొట్టు (హన్మకొండ):
అందరికీ నమస్తే. ఇక్కడి లోకల్ కేబుల్ చానల్ కోసం ఎనిమిదేసి నిమిషాల బొమ్మల కామెడీ తీస్తున్నాం. కాజీపేట జంక్షన్ బయట ఒక చాయ్ కొట్టు. దాన్ని నడిపే రాజవ్వ, పనీపాటా లేకుండా పొద్దస్తమానం అక్కడే కూర్చునే మొండయ్య. రెండూ స్పాంజితో, ఫెల్ట్ గుడ్డతో చేసిన చేతిబొమ్మలు. నోరు తెరుస్తాయి, మూస్తాయి, అంతే. ఆడించేది డిగ్రీ చదివే పిల్లలు.

యూనిట్‌లో గొడవ ఏంటంటే, డైలాగులన్నీ ముందే స్టూడియోలో రికార్డు చేసి, షూటింగ్‌లో అవి వినిపిస్తూ బొమ్మల్ని ఆడిద్దామని కొందరు. ఆడించేవాళ్లే అక్కడికక్కడ మాట్లాడాలని కొందరు. డైరెక్టర్ని నేనే. నాకు రెండోదే ఇష్టం. కానీ ఫుటేజీ చూస్తే నోటికీ మాటకీ పొంతన కుదరడం లేదు. చానల్ వాళ్లేమో తొందరపెడుతున్నారు. ఏమంటారు?

సౌండ్‌బాక్స్ (కరీంనగర్):
ముందే రికార్డు చేయండి తమ్ముడూ. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అసలే ఎండాకాలం, పైగా వరంగల్‌లో షూటింగ్. లైవ్‌లో మాట తీసుకోవాలంటే ఫ్యాన్ ఆపాలి, కూలర్ ఆపాలి, బయట ఆటోవాణ్ణి బతిమాలాలి. ఆ ఉక్కపోతలో పిల్లలు చేతులు తల మీదికెత్తి, స్పాంజిలో మణికట్టు దాకా దూర్చి డైలాగు చెప్పాలి. రెండో టేకుకే గొంతులో ఆయాసం వినిపిస్తుంది.

ఎడిటింగ్ సంగతి కూడా చూసుకో. లైవ్‌లో రాజవ్వ మాట మీద మొండయ్య మాట పడిందనుకో, ఆ రెండింటి మధ్య కట్ చేయలేవు. గొంతులు విడివిడిగా ఉంటే ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోవచ్చు. 1965లో బ్రిటన్‌లో ‘థండర్‌బర్డ్స్’ అనే తీగబొమ్మల టీవీ సీరియల్ తీసినప్పుడు గొంతులు ముందే టేపులో ఎక్కించారు. ఆ టేపు సిగ్నల్‌తోనే బొమ్మల కింది పెదవి కరెంటుతో కదిలేది. అరవై ఏళ్ల కిందటే తేలిపోయిన సంగతి ఇది.

చేతిబొమ్మ టీచర్ (పరకాల):
సౌండ్‌బాక్స్ అన్నా, మీరు చెప్పేది పని సులువయ్యే దారి. నవ్వు పుట్టే దారి కాదు. ‘థండర్‌బర్డ్స్’ రాకెట్ల కథ, కామెడీ కాదు. దాని బొమ్మలకు తీగలే తప్ప, నోట్లో మనిషి చెయ్యి లేదు.

నేను మా బడిలో పిల్లలతో చేతిబొమ్మలు ఆడిస్తాను. ఒక చిన్న ముక్క చెప్తాను వినండి. మొండయ్య ‘అవ్వా, ఒక చాయ్ పొయ్యి, పైసలు రేపిస్త’ అంటాడు. రాజవ్వ ఏం మాట్లాడదు. చేస్తున్న పని ఆపుతుంది. మెల్లగా తల తిప్పి వాణ్ణి చూస్తుంది. మళ్లీ కెమెరా వైపు చూస్తుంది. అప్పుడు ‘ఏ రేపు?’ అంటుంది. ఇందులో నవ్వు మాటలో లేదు, ఆ తల తిరగడంలో ఉంది. స్టూడియోలో కూర్చుని రికార్డు చేసేవాడు ఆ రెండు మాటల మధ్య ఎంత ఖాళీ వదలాలి? సెకను వదిలితే బొమ్మ తల సగం తిరిగేలోపే మాట వచ్చేస్తుంది. మూడు సెకన్లు వదిలితే, ఆ రోజు ఆడించే పిల్ల చెయ్యి చురుగ్గా ఉందనుకోండి, బొమ్మ దిక్కులు చూస్తూ నిలబడాలి. చెయ్యి ఎవరిదో ఆ ఖాళీ వాళ్ల చేతిలోనే ఉండాలి.

అమెరికా టీవీలో చేతిబొమ్మలకు పేరు తెచ్చిన జిమ్ హెన్సన్ వాళ్లు చేసింది ఇదే. ‘ది మపెట్ షో’లో ఎవరి బొమ్మకు వాళ్లే మాట్లాడేవారు, తలకు మైకు కట్టుకుని, కెమెరాలో బొమ్మ ఎలా పడుతుందో కింద మానిటర్‌లో చూసుకుంటూ.

ఊరికే చూసేవాడు:
ముందు మొండయ్యకు ఏసీ పెట్టించండి, తర్వాత గొంతు సంగతి.

సౌండ్‌బాక్స్ (కరీంనగర్):
టీచరమ్మా, హెన్సన్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఆయన 1955లో వాషింగ్టన్‌లో ‘సామ్ అండ్ ఫ్రెండ్స్’ మొదలుపెట్టింది ప్లేబ్యాక్‌తోనే. గ్రామఫోన్ రికార్డు వేసి, దానికి బొమ్మల నోళ్లు కలిపేవాడు. అంతటి మనిషికే పనికొచ్చింది, మన డిగ్రీ పిల్లలకు పనికిరాదా?

చేతిబొమ్మ టీచర్ (పరకాల):
అక్కడ రికార్డుకు నోరు కలపడమే జోకు అన్నా. జనానికి తెలిసిన పాటకు వింత బొమ్మ నోరు కదిపితే నవ్వొస్తుంది. మాటల కామెడీకి దిగాక వాళ్లూ సొంత గొంతులకే వచ్చారు. పాటలు మాత్రం ముందే రికార్డు చేసుకునేవారు. రాజవ్వతో పాట పాడిస్తే మీ పద్ధతే పెట్టుకోవచ్చు, నేను కాదనను.

తొర్రూరు తాడు:
మీరిద్దరూ నోరు, నోరు అని కొట్టుకుంటున్నారు. అసలు బొమ్మ నోరు కదలాలని ఎవరు రాశారు? మా తొర్రూరు పక్కన అమ్మాపురంలో కొయ్యబొమ్మలాట ఉంది, ఎన్నో తరాలుగా. పట్టుకుని ఆడించేది తాళ్లతో. మాట్లాడుతున్నది ఏ బొమ్మో జనానికి తెలియడానికి నోరు అక్కర్లేదు. మాట్లాడే బొమ్మ ఊగుతుంది, చెయ్యి లేపుతుంది. పక్కది కదలకుండా వింటుంది. తోలుబొమ్మలాటలోనూ అంతే. కథలో రాముడు, రావణుడు ఎంత గంభీరంగా ఉన్నా, నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఆ ఊరి ముచ్చట్లే తీసి నవ్విస్తారు. వాళ్ల పెదవులు కదిలాయా లేదా అని ఎవరైనా చూశారా?

చేతిదీ గొంతుదీ ఒకే మనిషి కావాలన్న రూలు కూడా లేదు. రాజస్థాన్ తాళ్ల బొమ్మలాట కఠ్‌పుత్లీలో ఆడించేవాడు నోట్లో చిన్న పీక పెట్టుకుని కీచుమని ఊదుతాడు, దాని అర్థం డోలు వాయించేవాళ్లు చెప్తారు. జపాన్ బున్‌రాకులో ఒక బొమ్మను ముగ్గురు పట్టుకుంటారు, అన్ని పాత్రల మాటలూ పక్కన కూర్చున్న ఒక్కడే చెప్తాడు. వందల ఏళ్ల ఆటలవి. వాటిని తప్పంటారా?

చేతిబొమ్మ టీచర్ (పరకాల):
తప్పనను అన్నా. కానీ మీరు చెప్పిన వాటిలో ఒక్కటైనా టేపులో లేదు చూడండి. డోలువాడు, బున్‌రాకు గాయకుడు, జుట్టుపోలిగాడి గొంతు ఇచ్చేవాడు, అందరూ ఆ క్షణాన అక్కడే ఉన్నారు. బొమ్మ ఆగితే వాళ్లూ ఆగుతారు. టేపు ఆగదు. మనుషులు ఇద్దరైనా, ముగ్గురైనా నాకు ఇబ్బంది లేదు.

పైగా టీవీలో క్లోజప్ ఉంది. ఊరి నడిబొడ్డున వంద అడుగుల దూరం నుంచి చూసే ఆట వేరు, ఫ్రేమ్ నిండా రాజవ్వ మొహమే ఉన్న షాట్ వేరు.

ఎడిట్ టేబుల్:
ఈ చర్చ బాగుంది కానీ, చాయ్‌కొట్టు తమ్ముడు మొదట రాసిన ముక్క ఎవరూ పట్టించుకోలేదు. నోటికీ మాటకీ పొంతన కుదరడం లేదన్నాడు. తమ్ముడూ, మీ పిల్లలు చూసుకునే మానిటర్ ఏంటి?

చాయ్‌కొట్టు (హన్మకొండ):
ఇంట్లోంచి తెచ్చిన 32 అంగుళాల స్మార్ట్ టీవీ సార్. కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ వైరు లాగాం. ఇంకో మూలన ఉన్నవాళ్లకు ఫోన్‌లోకి వైఫైతో పంపిస్తున్నాం.

ఎడిట్ టేబుల్:
అనుకున్నా. స్మార్ట్ టీవీ కెమెరా నుంచి వచ్చిన దృశ్యాన్ని వచ్చినట్టు చూపించదు. రంగులు దిద్ది, కదలిక నున్నగా చేసి, తర్వాత చూపిస్తుంది. ఆ దిద్దుబాటుకు టైము పడుతుంది. మనం సెకనుకు 25 ఫ్రేములు తీస్తాం కదా, ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. టీవీ 120 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే మూడు ఫ్రేములు పోయినట్టే. పిల్లవాడు ‘అవ్వా’ అంటూ చెయ్యి తెరుస్తాడు. మానిటర్‌లో నోరు ఇంకా మూసే ఉంటుంది. లేటయ్యానేమో అని తర్వాతి మాటకు ముందే తెరుస్తాడు. అలా సర్దుకుంటూ పోతే ఒక మాటకు ముందు, ఒక మాటకు వెనుక. వైఫై ఫోన్ అయితే ఇంకా అన్యాయం. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటుంది, అది పెట్టండి. ఫోన్ తీసేయండి, ఇంకో వైరు లాగండి.

కొత్తవాళ్లతో ఇంకో తిప్పలు ఉంది. మానిటర్ అద్దం కాదు. బొమ్మను కుడికి జరపాలనుకుని ఎడమకు జరుపుతారు. అద్దంలా తిప్పి చూపిద్దామా అని అడుగుతారు, ఒప్పుకోకండి. కెమెరా చూసేదే వాళ్లూ చూడాలి. కొన్నాళ్లకు చెయ్యే నేర్చుకుంటుంది. డైరెక్టర్ కూడా బొమ్మ వైపు చూడకూడదు, మానిటరే చూడాలి. కాలి దగ్గర బోర్లా పడుకున్న పిల్లల అవస్థ చూస్తే జాలేసి చెత్త టేకు కూడా ఓకే చేస్తాం.

చాయ్‌కొట్టు (హన్మకొండ):
సార్, గేమ్ మోడ్ పెట్టి, ఫోన్ పక్కన పెట్టి ఇవాళ మళ్లీ ట్రై చేశాం. చాలా తేడా ఉంది. చాలా థాంక్స్. కానీ గొంతుల గొడవ తేలలేదు. ఇప్పుడు మా కెమెరామన్ ఇంకో మాట మొదలుపెట్టాడు. షూటింగ్‌లో పిల్లలు ఊరికే గైడ్ కోసం, అంటే డబ్బింగ్‌కు ఆనవాలుగా మాట్లాడాలట, తర్వాత హైదరాబాద్ నుంచి పేరున్న డబ్బింగ్ ఆర్టిస్టులతో చెప్పించాలట. మన సినిమాల్లో హీరోయిన్లకే వేరేవాళ్లు గొంతు ఇస్తారు, బొమ్మకు ఇస్తే తప్పేంటి అంటున్నాడు.

సౌండ్‌బాక్స్ (కరీంనగర్):
మీ కెమెరామన్‌కు నా దండాలు. టీచరమ్మ అడిగిన ఖాళీ చెయ్యి దగ్గరే పుట్టింది, నేనడిగిన శుభ్రమైన గొంతు స్టూడియోలో వచ్చింది. మనిషి పెదవికి డబ్బింగ్ కలపడం కష్టం గానీ, రాజవ్వ నోరు తెరవడం, మూయడమే కదా. అక్షరాలు సరిపోతే చాలు. రేపు చానల్ వాళ్లు ఫలానా నాయకుడి మీద జోకు తీసేయమంటే, అన్నే అక్షరాల వేరే జోకు పెట్టేసుకోవచ్చు!

ఇది నా మొదటి మాట కంటే మంచి పద్ధతి. మార్చుకుంటున్నా.

చేతిబొమ్మ టీచర్ (పరకాల):
పద్ధతి మీద నాకు పేచీ లేదు, మనుషుల మీద ఉంది. ఆ పిల్లలు పుట్టి పెరిగింది ఇక్కడే. వాళ్ల నోట రాజవ్వ మాట్లాడితే మా వీధిలో అవ్వ మాట్లాడినట్టు ఉంటుంది. డబ్బింగ్ థియేటర్‌లో తెలంగాణ యాస అంటే సినిమాలో రౌడీ మాట్లాడే యాస. టీవీలో ‘తీన్మార్’ వార్తలను జనం అంతగా ఎందుకు పట్టించుకున్నారు? ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు కాబట్టి.

ఇంకోటి అడుగుతాను. టైటిల్స్‌లో రాజవ్వ అని ఎవరి పేరు వేస్తారు? మండుటెండలో చెయ్యి పడిపోయేదాకా ఎత్తి పట్టుకున్న పిల్లదా, ఏసీ గదిలో గంటసేపు మాట్లాడి వెళ్లిన ఆర్టిస్టుదా?

తొర్రూరు తాడు:
రెండో ప్రశ్నకు నాది టీచరమ్మ పక్షం. మా వైపు బొమ్మలాడించేవాళ్లు తెర వెనకే బతికారు, పేరు తెర వెనకే పోయింది. టీవీలో కూడా అదే చేస్తే ఎలా?

ఎడిట్ టేబుల్:
పేర్లు ఇద్దరివీ వేయండి, దానికి ఖర్చేం లేదు. చెయ్యి ఫలానా, గొంతు ఫలానా అని. కానీ టీచరమ్మా, పేరున్న గొంతు అనగానే చానల్ వాళ్లకు ప్రకటనలు గుర్తొస్తాయి. ఆ ఒత్తిడి తమ్ముడి మీద ఉంటుంది, మన మీద ఉండదు.

చాయ్‌కొట్టు (హన్మకొండ):
సరే, మా వాళ్లతో మాట్లాడాను. మాటలు షూటింగ్‌లోనే, ఆడించేవాళ్లవే. ఫ్యాన్ చప్పుడుతోనో, ఆటో హారన్‌తోనో పాడైన ముక్కలు మాత్రం తర్వాత ఆ పిల్లలతోనే డబ్బింగ్ చెప్పిస్తాం. హైదరాబాద్ ఆర్టిస్టు సంగతి చానల్ వాళ్లు గట్టిగా అడిగితే, కొత్తగా వచ్చే పోలీసు బొమ్మకు ఇస్తాం. ఆ పాత్ర ఎలాగూ బదిలీ మీద వచ్చినవాడే. రాజవ్వను మాత్రం వదలం. కెమెరామన్ ఇంకా గుర్రుగానే ఉన్నాడు.

సౌండ్‌బాక్స్ (కరీంనగర్):
మీ ఇష్టం తమ్ముడూ. లైవ్ అంటే మాత్రం కాలర్ మైకులు పెట్టకు. చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా చొక్కా రాసుకుని బరబర వస్తుంది. తలకు కట్టే మైకులే తీసుకో. కూలర్ టేకు టేకుకూ ఆపి, మళ్లీ వేయడానికి ఒక మనిషిని పెట్టుకో. మరిచిపోతే ఎపిసోడ్ అంతా డబ్బింగే, అప్పుడు నా దగ్గరికే రావాలి.

ఊరికే చూసేవాడు:
కూలర్ పనికి నేను రెడీ. చాయ్ ఫ్రీనా, మొండయ్యలాగ ఖాతాలో రాస్తారా?