ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మాస్టర్స్ థీసిస్ చేయవచ్చా?

ఆమదాలవలస నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థిని, జర్మనీ:

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. ఇక్కడికి వచ్చి ఒక సెమిస్టర్ పూర్తయింది. అప్లైడ్ కంప్యూటింగ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. చివరి సెమిస్టర్ అంతా థీసిసే. విజయనగరంలో బీటెక్ చదివినప్పుడు ప్రాజెక్టును నలుగురం పంచుకున్నాం, రిపోర్టుకు ఒక నమూనా ఇచ్చేవారు. ఇక్కడ అంశం వెతుక్కోవడం దగ్గర నుంచి అంతా ఒక్కదాన్నే చేయాలి. మా పెద్దమ్మగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి. ఉద్దానం కిడ్నీ జబ్బును ముందుగా పసిగట్టే మెషీన్ లెర్నింగ్ మోడల్ (డేటా నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాం) చేస్తానని ఒక ప్రొఫెసర్‌తో చెప్పాను. ఆయన అంతా విని, "మరి నీ ప్రశ్న ఏమిటి?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. మంచి మోడల్ చేసి చూపిస్తే చాలదా? మార్కులు దేనికి వేస్తారు? దయచేసి చెప్పండి.

పలాస, ఇప్పుడు జర్మనీలో అధ్యాపకుడు:

చెల్లెమ్మా, చాలదు. మోడల్ పనిచేయడం ఒక భాగం మాత్రమే. దానివల్ల ఇంతకుముందు తెలియనిది ఏం తెలిసింది, అది నిజమని ఎందుకు నమ్మాలి అన్నవి పరీక్షకులు చూస్తారు. ఏటా థీసిస్‌లు దిద్దుతుంటాను. ఎంతో కష్టపడి పెద్ద యాప్ కట్టి, ప్రశ్న లేకపోవడం వల్ల సాధారణ మార్కులతో బయటపడిన పిల్లలను చూస్తే బాధగా ఉంటుంది. నీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు బంధువులు ఉన్నవాళ్లెవరికీ ఈ జబ్బు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. రోగుల రికార్డులు కావాలంటే ఆసుపత్రి అనుమతి, అక్కడి ఎథిక్స్ కమిటీ ఆమోదం, ఇక్కడ మీ విశ్వవిద్యాలయం అంగీకారం అన్నీ కావాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి కదా, అడిగితే ఇస్తారేమో అనుకోవద్దు. ఇవ్వకూడదు కూడా. అవి మనవాళ్ల ఒంటి వివరాలు. అనుమతులు వచ్చేసరికి నీ గడువు ముగుస్తుంది. రేపు పీహెచ్‌డీకి, ఒక వైద్య బృందంతో కలిసి, తప్పకుండా దీనికి తిరిగి రా. ఆరు నెలల పని మాత్రం కాదు.

ఆ ఆరు నెలల లెక్క కూడా చూసుకో. ఇక్కడ థీసిస్‌కు సాధారణంగా 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. మొత్తం 750 నుంచి 900 గంటలు, అంటే వారానికి 29 నుంచి 35 గంటలు. దానితో పాటు వారానికి 20 గంటల ఉద్యోగం పెట్టుకుంటే నిద్ర ఎక్కడ మిగులుతుందో ఆలోచించు. గడువు నమోదు చేసుకున్న రోజు నుంచి లెక్కకు వస్తుంది. అందుకే చదవడం, ప్రశ్న తేల్చుకోవడం, డేటాకు అనుమతులు తెచ్చుకోవడం నమోదుకు ముందే కానివ్వాలి.

మన ప్రాంతానికి పనికొచ్చేదే చేయాలని ఉంటే, పలాస-కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్లను ఎందుకు చూడవు? పప్పును గ్రేడుల వారీగా వేరు చేసే పని చాలావరకు ఆడవాళ్ల కళ్లు, చేతుల మీదే నడుస్తుంది. డబ్ల్యూ-180, డబ్ల్యూ-210, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అన్నవి తెల్ల గుండు పప్పు గ్రేడులు. ఒక పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఇవి కాక బద్దలు, ముక్కలు, వేడికి రంగు మారినవి వేరు. "ఫోను కెమెరాతో తీసిన ఫొటో నుంచి గ్రేడు చెప్పవచ్చా" అన్నది ఇంకా విషయమే, ప్రశ్న కాదు. "గింజ ఎంత పెద్దదో పోల్చడానికి ఫొటోలో ఒక రూపాయి నాణెం పెట్టినప్పుడు, పెట్టనప్పుడు, పక్కపక్క గ్రేడులను వేరు చేయడంలో తప్పులు ఎంత తగ్గుతాయి" అన్నది ప్రశ్న. తేడా చూశావా? రెండోదానికి జవాబు తప్పులు తగ్గాయని వచ్చినా, తగ్గలేదని వచ్చినా నీ థీసిస్ నిలుస్తుంది.

ఇక్కడ అందరూ తేలిగ్గా తీసుకునే విషయం ఒకటుంది. ఈ గింజ 240, ఈ గింజ 320 అని మొదట చెప్పేది ఎవరు? నీ కంప్యూటర్ కాదు, ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్న ఆడవాళ్లు. అవే గింజలను ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఒకరి గ్రేడు మరొకరికి తెలియకుండా రాయించుకో. ఇద్దరి మాట ఎంతవరకు కలిసిందో కొలవడానికి కోహెన్ కప్పా అనే కొలమానం ఉంది. 1960 నుంచి వాడుకలో ఉన్నదే. కాకతాళీయంగా కలిసే వంతును తీసేసి మిగిలిన ఏకీభావాన్ని చెబుతుంది. ఏ రెండు గ్రేడుల మధ్య వాళ్లిద్దరే తరచూ విభేదిస్తారో, అక్కడ నీ మోడల్ 98 శాతం సరిగ్గా చెప్పిందంటే సంతోషించడానికి బదులు అనుమానించాలి. వాళ్ల సమయానికి కూలి కట్టి ఇవ్వు, కృతజ్ఞతలలో వాళ్ల పనిని పేర్కొను. ముఖాలు, పేర్లు ఎక్కడా రానివ్వకు. ఐరోపా డేటా రక్షణ చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. పలాసలో సేకరించినా, ఇక్కడి విశ్వవిద్యాలయం పని కాబట్టి నీకు వర్తిస్తుందనుకునే నడుచుకో.

అనుమానించాలని ఎందుకన్నానంటే, ఒకే గింజకు నాలుగు ఫొటోలు తీసి, వాటిలో మూడు మోడల్‌కు నేర్పడానికి, ఒకటి దాన్ని పరీక్షించడానికి వెళ్తే మోడల్ ఆ గింజను గుర్తుపడుతుంది, గ్రేడును కాదు. అంకెలు అద్భుతంగా వస్తాయి, వాటికి విలువ ఉండదు. గింజల వారీగా, ఇంకా మంచిది లాట్ల వారీగా విడగొట్టు. మోడల్‌కు ముందు ఒక సాదా పద్ధతి పెట్టుకో, పప్పు వైశాల్యం కొలిచి గ్రేడు చెప్పడం లాంటిది. నీ డీప్ లెర్నింగ్ (మెషీన్ లెర్నింగ్‌లో బరువైన పద్ధతి) దాన్ని ఎంత దాటిందో చూపించలేకపోతే, అంత బరువైనది ఎందుకు వాడావని వైవాలో అడుగుతారు. సగటు ఖచ్చితత్వం ఒక్కటే ఇవ్వకు, ఏ గ్రేడును ఏ గ్రేడుగా పొరబడిందో పూర్తి పట్టిక ఇవ్వు. వ్యాపారికి 180ని 210 అనడం ఒక నష్టం, గుండును బద్ద అనడం వేరే నష్టం.

ఇలా వస్తువును తయారుచేసి దాని ద్వారా జ్ఞానం పొందే పనికి డిజైన్ సైన్స్ అనే పద్ధతి ఉంది. హెవ్నర్, మార్చ్, పార్క్, రామ్ 2004లో రాసిన వ్యాసం, పెఫర్స్ బృందం 2007లో రాసినది చదువు. నీ అధ్యాయాల వరస దానితో స్థిరపడుతుంది.

రాయడం చివరికి వదలకు. డేటా ఎలా తీశావో తీసిన వారంలోనే రాసెయ్యి, నెల తర్వాత వెలుతురు ఎలా పెట్టావో గుర్తుండదు. పద్ధతి, ఫలితాలు ముందు, పరిచయం ఆఖరున. చదివిన ప్రతి వ్యాసాన్నీ జొటేరోలో (వ్యాసాల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) వేసుకో. ప్రొఫెసర్‌తో ప్రతి సమావేశం తర్వాత ఏం తేలిందో ఆయనకే నాలుగు వాక్యాలలో మెయిలు పంపు. ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడినట్లు "సరేనండి" అని లేచి రావద్దు. ఇక్కడ ఎదురు ప్రశ్న వేయడం అమర్యాద కాదు, వేయకపోతేనే నీకు పట్టలేదని అనుకుంటారు. చాట్‌బాట్లు వాడితే ఎక్కడ, దేనికి వాడావో మీ విభాగం నియమం ప్రకారం చెప్పాలి. ఇది నీ సొంత పని అని చివరలో సంతకం చేస్తావు, ఆ సంతకానికి చట్టపరమైన బరువు ఉంటుంది.

మార్కుల ఫారం ముందే అడిగి తీసుకో, దాచే వస్తువు కాదు. సాధారణంగా ఇద్దరు పరీక్షకులు ఉంటారు. 1.0 అత్యుత్తమం, 4.0 వరకు ఉత్తీర్ణత. నాన్నగారికి ఫోనులో "1.7" అని చెబితే కంగారు పడతారు, ముందే వివరించు.

బొబ్బిలి, ఇప్పుడు స్వీడన్‌లో:

పైన అన్నయ్యగారు చెప్పినది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను. ఇక్కడ 30 క్రెడిట్ల థీసిస్ అంటే 20 వారాల పూర్తి పని. చివరి సెమినారులో మరో విద్యార్థి మన థీసిస్ మొత్తం చదివి వచ్చి అందరి ముందూ లోపాలు అడుగుతారు, మనం కూడా మరొకరిది అలాగే చదివి అడగాలి. జర్మనీలో ఆ ఏర్పాటు లేకపోయినా నువ్వే చేసుకోవచ్చు. థీసిస్ సమర్పించడానికి నెల ముందు, నీ అంశం తెలియని ఒక తోటి విద్యార్థికి చదవమని ఇవ్వు. వాళ్లకు అర్థం కాని పేజీలు రెండో పరీక్షకుడికీ అర్థం కావు.

శ్రీకాకుళం, ఇప్పుడు ఇంగ్లండ్‌లో:

ఇది చదివే మిగతా పిల్లలకు: ఇంగ్లండ్ లెక్క వేరు. 180 క్రెడిట్లలో థీసిస్‌కు సాధారణంగా 60, చాలాచోట్ల వేసవిలో మూడు నెలలే. 50కి పాస్, 70 దాటితే డిస్టింక్షన్. 66 వస్తే ఏడవద్దు, మంచి మార్కే అది.

ఆమదాలవలస విద్యార్థిని:

అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని ఇలా రాసుకున్నాను: "ఫొటోలో నాణెం ఉండటం వల్ల డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 గ్రేడుల మధ్య పొరపాట్లు ఎంత తగ్గుతాయి? అనుభవజ్ఞులైన ఇద్దరు గ్రేడర్ల మధ్య ఉండే విభేదంతో పోలిస్తే అది ఎంత?" మా మేనమామకు కాశీబుగ్గలో ఒక యూనిట్ యజమాని తెలుసు. ఇది ప్రొఫెసర్‌కు పంపవచ్చా?

పలాస:

పంపు. రెండు పేజీలు మించకుండా, నీ కాలపట్టికతో సహా. యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకో. ఇంకొకటి, మన యూనిట్లలో స్థానిక పిక్కలతో (పెంకు తీయని జీడిగింజలతో) పాటు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పిక్కల నుంచి కూడా పప్పు తీస్తారు, ఆకారంలో తేడా ఉండవచ్చు. ప్రతి లాటుకూ పిక్క ఎక్కడిదో మొదటి రోజు నుంచే నమోదు చేయించు.