పేను పట్టని తల్లి చేపల పిల్లలకు కూడా పేను పట్టదా?

సీడ్‌బాబు: శీలావతి (రోహు) చేపల హేచరీలో పనిచేస్తాను. ఒకే చెరువు, ఒకే మేత. కొన్ని తల్లి చేపలకు ఒంటినిండా ఆర్గులస్ అనే చేప పేను, రెక్కల మొదళ్లలో ఎర్రగా పుండ్లు. వాటి పక్కనే తిరిగేవి కొన్ని నున్నగా ఉన్నాయి. ఆ నున్నటివే ఏరి గుడ్లు తీస్తే పిల్లలకు ఆ గుణం వస్తుందా? మందు కొట్టీ కొట్టీ విసుగొచ్చింది.

ట్రౌట్‌పిచ్చి: తట్టుకునే గుణం వంశంలో రావడం నిజమే. రెయిన్‌బో ట్రౌట్ అనే చల్లనీటి చేపకి వర్లింగ్ డిసీజ్ అనే జబ్బొకటుంది. మిక్సోబోలస్ అనే పరాన్నజీవి పిల్లల లేత ఎముకల్లో చేరి తినేస్తుంది. తోక నల్లబడి, పిల్ల గిరగిరా తిరుగుతుంది. 1990ల్లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నదుల్లో రెయిన్‌బో పిల్లలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. జర్మనీలో ఒక హేచరీలో తరతరాలుగా ఆ పరాన్నజీవి మధ్యే పెరిగిన హోఫర్ రకం మాత్రం తట్టుకుంది. అదీ రెయిన్‌బోనే, ఒకప్పుడు అమెరికా నుంచి వెళ్లిందే! దాన్ని తెచ్చి కొలరాడో చేపలతో సంకరం చేస్తే పిల్లల్లో స్పోర్లు (ఆ పరాన్నజీవి బీజాలు) బాగా తగ్గాయి. అచ్చంగా హోఫర్‌నే వదలొచ్చుగా అంటారేమో. తొట్టెలో మేత తిని పెరిగిన రకం నదిలో నిలదొక్కుకుంటుందో లేదోనని అనుమానం, అదీ గొడవ.

లెక్కలమాస్టారు: పేను సంగతి అంత తేలిక కాదు. ట్రౌట్‌లో ఆ గుణం చాలావరకు తొమ్మిదో క్రోమోజోమ్‌లోని ఒక భాగం చేతిలో ఉంది. సాల్మన్‌కు పట్టే సముద్రపు పేను విషయంలో బోలెడు జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. కాబట్టి నున్నగా కనిపించిన చేప అదృష్టవంతురాలే కావచ్చు. ఒక్కో జత పిల్లల్ని విడిగా పెంచి, ట్యాగ్ వేసి, అన్నిటినీ ఒకే తొట్టెలో కలిపి పేను పిల్లల్ని వదలండి. తర్వాత చేప చేపకూ లెక్కపెట్టండి. పెద్ద చేపకు ఒళ్లెక్కువ, పేనూ ఎక్కువే. సైజు చూడకుండా పోల్చొద్దు.

సీడ్‌బాబు: అంత టైం లేదండీ. ఉన్న నాలుగు నున్నటివాటితోనే సీడ్ తీసేస్తే?

లెక్కలమాస్టారు: అస్సలొద్దు. రెండు మూడు తరాల్లోనే దగ్గరి చుట్టాల్ని జతకట్టాల్సి వస్తుంది. ఎదుగుదల పడిపోయిందని అప్పుడు ఇంకో పోస్టు పెడతారు. ఈలోగా చెరువులో చెక్కపలకలు నిలబెట్టండి. ఆడ పేను చేపను వదిలి గట్టి వస్తువుల మీదే గుడ్లు పెడుతుంది. పలకలు తీసి ఎండలో బాగా ఆరబెట్టి మళ్లీ దించండి.